దొంగ సాఫ్ట్‌వేర్ లేకుండా మా బ్యాచ్ పుస్తకం వేయించాను: నా అనుభవం

కావలిలో మా పదో తరగతి బ్యాచ్ సమ్మేళనానికి పుస్తకం వేసే పని నా నెత్తిన పడింది. నిన్ననే ప్రింటయి చేతికొచ్చింది. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ ఒక్కటీ వాడలేదు, ఎవరి ఫోన్ నంబరూ బయటికి పోలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మొదటి భాగం తేలిక. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నా పాత లాప్‌టాప్ విండోస్ 11కు పనికిరాదంది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటే, టైప్ చేసి పేజీలు కట్టుకునే లిబ్రేఆఫీసు దాంతోనే వచ్చింది. మండలి, రామభద్ర ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతాయి, పుస్తకాల్లో కూడా ఎవరైనా వాడుకోవచ్చు.

నన్ను ఏడిపించింది నెల్లూరులో ఒక డీటీపీ షాపు, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీలు కట్టిచ్చే షాపు. అక్కడ ఇప్పటికీ అంతా పేజ్‌మేకర్ 7లోనే. 2001లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరాలకూ విడిగా కోడ్‌లిచ్చే పద్ధతి, అర్థం కాదు. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు ముక్కలు తగిలించి ఉంటాయి, తలకట్టు ఒకచోట, వత్తు ఇంకోచోట. యూనికోడ్‌లో తెలుగుకు సొంత కోడ్‌లు 1991 నుంచే ఉన్నాయి. నేను టైప్ చేసింది అందులోనే.

ఆ అబ్బాయి నా మేటర్ కాపీ చేసి పేస్ట్ చేశాడు. స్క్రీన్ నిండా ప్రశ్నార్థకాలు. "ఏంది సార్ ఇది? ఫ్రీగా వచ్చేవాటితో ఇట్టనే ఉంటాది" అన్నాడు. శుభలేఖల కోసం వచ్చినవాళ్లంతా నవ్వారు. నా కొడుకు వయసు ఉంటుంది అతనికి. "నీ పేజ్‌మేకర్ కొన్నదేనా బాబూ?" అని అడిగాను. "ఎవరు కొంటారు సార్, ఊరంతా కాపీనే" అన్నాడు. డబ్బు పెట్టనిది అతను, తలవంపులు నాకు!

అంతా మళ్లీ టైప్ చేయాలి, పేజీకింత అవుతుంది, పేర్లూ నంబర్ల లిస్టు వాట్సాప్‌లో కొట్టమన్నాడు. అప్పుడు చూశాను అతని డౌన్‌లోడ్స్ ఫోల్డరు. ఎవరెవరివో ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీలు. కౌంటరు దగ్గర నిలబడ్డ ఎవరికైనా మొహాలతో సహా కనిపిస్తున్నాయి. పంపనన్నాను. "మీ నంబర్లు ఎవరికి కావాలి సార్, మీరేమన్నా కలెక్టర్లా?" అన్నాడు.

ఇందాకటి నవ్వు కంటే ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మా బ్యాచ్‌లో ఒకామె రాంగ్ కాల్స్ పడలేక నంబరే మార్చుకుంది. నన్ను నమ్మి కొత్తది ఇచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ హక్కు కలెక్టరుకు ఎంతుందో ఇస్త్రీ బండి పెట్టుకున్న మా క్లాస్‌మేట్‌కూ అంతే ఉంది. పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చేశాను.

పేజీలన్నీ నేనే లిబ్రేఆఫీసులో కట్టి పీడీఎఫ్ చేశాను. ఒంగోలులో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో పెద్దాయన, "పీడీఎఫ్ ఇస్తే చాలయ్యా, ఫాంట్లు దాంట్లోనే ఉంటాయి గదా" అన్నారు. ప్రెస్సుకిచ్చే ముందు పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అనే చోట చూసుకోండి, ప్రతి ఫాంటు పక్కన ఎంబెడెడ్ (ఫైల్లోనే ఉందని అర్థం) అని ఉండాలి. మా పుస్తకంలో ఒక్క వత్తు కూడా చెదరలేదు. నంబర్లు పుస్తకంలో వేయలేదు. ఇష్టపడ్డవాళ్లవి మాత్రం విడిగా ఒక కాగితం మీద ఇంట్లోనే ప్రింట్ తీసి, సభ్యులకే ఇచ్చాను.

జిరాక్స్ షాపుకు ఆధార్ వాట్సాప్ చేయకండి. కార్డే తీసుకెళ్లి ఎదురుగా నిలబడి కాపీ తీయించుకోండి. పూర్తి నంబరు అవసరం లేని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) సైట్లో ఉచితంగా వస్తుంది, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. వద్దు, మామూలుదే కావాలని ఎవరైనా అంటే ఎందుకో అడగండి, మొహమాటపడకండి.

మా తర్వాతి బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు ఆ ఫైలు అడుగుతున్నారు. మా పేర్లు, ఫొటోలు తీసేసి, పేజీల అమరిక మాత్రం ఓడీటీలో (లిబ్రేఆఫీసులో తెరిచి మార్చుకోగల ఫైలు) ఇచ్చాను, ప్రెస్సు పెద్దాయన అడ్రసుతో సహా.