11:30 లోపు

పొద్దున 6 గంటలకే ఫోన్ చూశాను. చూడకుండా ఇంకాసేపు పడుకున్నా బాగుండేది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అని ఒకటుంది, అందరూ వాడుకునే సాఫ్ట్‌వేర్‌కు కొన్ని వారాలు కోడ్ రాస్తే గూగుల్ డబ్బులిస్తుంది. దానికోసం రాసుకున్న ప్రపోజల్ మీద ఆ ప్రాజెక్టు మెంటర్ రాత్రి కామెంట్ పెట్టారు. మర్యాదగానే ఉంది. విషయం మాత్రం ఒకటే: 175 గంటల ప్రాజెక్టులో నాలుగు పనులు రాశావు, ఏ రెండు నిజంగా పూర్తి చేయగలవో తేల్చుకో. ఈరోజే ఆఖరు. గడువు 18:00 యూటీసీ, అంటే మనకు రాత్రి 11:30.

12 వారాలకు పంచితే వారానికి 15 గంటలు కూడా రావు. ఈ లెక్క నేనూ వేసుకోవచ్చు. వేసుకోలేదు. జాబితా పొడుగ్గా ఉంటే బరువుగా కనబడుతుందనుకున్నాను.

ఇదంతా మా చెల్లె వల్ల మొదలైంది. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు నా ఫోన్లోని నిఘంటువు యాప్‌లో ‘ఫుట్బాల్’ అని కొట్టి, "గీ యాప్‌ల ఏ పదం దొరకది అక్కా" అని ఫోన్ మంచం మీద పడేసింది. పదం ఉంది. కాకపోతే ‘ఫుట్‌బాల్’ అని ఉంది. ట కింద బ ఒత్తు పడకుండా మధ్యలో ఒక కనబడని గుర్తు పెడతారు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. చెల్లెకు కీబోర్డులో అది ఎక్కడుందో తెలియదు, ఎవరికీ తెలియదు. యాప్ ఓపెన్ సోర్సే, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు కదా అని కోడ్ తెరిచి చూస్తే ఇంకో వింత దొరికింది. ఎక్కడి నుంచో ‘వరంగల్‌లో’ అని కాపీ చేసి, ‘లో’ చెరిపేసి వెతికితే ఏమీ రాదు. చేత్తో టైప్ చేసిన ‘వరంగల్’లో యూనికోడ్ లెక్కన, అంటే కంప్యూటర్ ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఇచ్చే నంబర్ల లెక్కన, 6 కోడ్‌లు ఉంటే, చెరపగా మిగిలినదాంట్లో 7. కంటికి రెండూ ఒకటే. ఆ ఏడోది పొల్లు వెనకాల నక్కి కూర్చుంటుంది.

ఐత్వానిదీ అదే కథ. ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. నార్మలైజేషన్ చేస్తే, అంటే వేర్వేరుగా రాసినవాటిని ఒకే రూపానికి మారిస్తే, ఈ రెండూ ఒకటవుతాయి. ఆ ఒక్క లైను రాసి, మొత్తం సమస్య తీరిపోయిందని గొప్పగా ఆ యాప్ వాళ్ళకు ప్యాచ్, అంటే కోడ్ సవరణ, పంపాను. టెస్టులో ‘వరంగల్’ ఫెయిల్. ఐత్వాన్ని సరిచేసే నార్మలైజేషన్ ఆ కనబడని గుర్తు జోలికి పోదని అప్పటిదాకా నాకు తెలియదు. మూడోసారికి ప్యాచ్ తీసుకున్నారు. ఆ ధైర్యంతోనే ప్రపోజల్‌కు దిగాను.

రెండు క్లాసులు ఎగ్గొట్టి కూర్చున్నా ఒక్క లైను చెరపబుద్ధి కాలేదు. వాయిస్ సెర్చ్, వేలితో రాస్తే గుర్తుపట్టడం, వెతుకులాట సరిచేయడం, టెస్టులు. మొదటి రెండూ చూడ్డానికి ఎంత బాగున్నాయో! పక్క మంచం మీద మా రూమ్మేట్ ఏఐతో 14 పేజీలవి మూడు రాయించి మూడు సంస్థలకు పెట్టేసి హాయిగా నిద్రపోతోంది. మనిషికి మూడే అని నిబంధన ఉంది కాబట్టి సరిపోయింది. ఒకటి చదివి చూశాను. ఆ ప్రాజెక్టులో లేని ఫైలును బాగుచేస్తానని రాసి ఉంది. లేపి చెబితే "తర్వాత చూద్దాం" అని అటు తిరిగింది.

మధ్యాహ్నం మెస్‌లో డబ్బా కట్టించుకుని ఏనుమాముల మార్కెట్‌కు పోయాను. నాయిన రాత్రే మిర్చి తెచ్చాడు. హనుమకొండ చౌరస్తాలో ఆటో మారి దిగేసరికే ముక్కు మండింది. గేటు దాటాక వరసగా ఏడు తుమ్ములు. నాయిన బస్తాల నీడలో తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు. ఒక బస్తా మూతి విప్పి, కాయలు చేతిలోకి తీసుకుని, తెల్లబారిన తాలు కాయ ఒకటి కనబడితే పక్కకు విసిరేశాడు. కల్లంలో అమ్మావాళ్ళు ఏరినా ఒకటో రెండో ఉండనే ఉంటాయి. ఇంకా కాంటా కాలేదట.

డబ్బా తింటూ అడిగాడు, "గూగుల్ల నౌకరా బిడ్డా?"

"నౌకరి కాదు నాయినా. పైసలు గూగులోళ్ళు ఇస్తరు, పని వేరేటోళ్ళది. పనిని బట్టి మధ్యల కొన్ని, ఆఖర్న కొన్ని ఇస్తరు."

"మరి ఆ సామాను ఎవరిది?"

"అందరిది. ఎవరన్న వాడుకోవచ్చు, ఎవరన్న మార్చుకోవచ్చు."

కాసేపు నమిలాడు. "ఊరి చెరువు లెక్కనన్నట్టు."

"ఆ, గట్లనే."

"మరి పూడిక ఎవరు తీస్తరు?"

నవ్వేశాను గానీ జవాబు దొరకలేదు. మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీసినప్పుడు ఆ ఒండ్రు మట్టి మా చేన్లో పోసుకున్నాం. నేను అప్పుడు చిన్నదాన్ని, ట్రాక్టర్ వెనక ఉరికినట్టు గుర్తు. అప్పటిదాకా నాయిన ఆ చెరువు గురించి పూడిందనే మాట్లాడేవాడు. ప్రతి ఏడూ కట్ట మీద బతుకమ్మకు లైట్లు మాత్రం పెట్టేవాళ్ళు.

తిరిగొచ్చే ఆటోలోనే ఫోన్లో వాయిస్ సెర్చ్ చెరిపేశాను. వేలిరాత కూడా. ఒకటిన్నర పేజీ పోయింది. కడుపులో కొంచెం తిప్పినట్టయింది, అబద్ధమెందుకు. మిగిలిన రెండు పనులకూ వారం వారం ఏం చేస్తానో మళ్ళీ రాశాను. సెమిస్టర్ పరీక్షల వారంలో ఏమీ చేయను అని కూడా ఉన్నదున్నట్టు పెట్టాను. మెంటర్‌కు సాయంత్రం 6కు పంపితే బొటనవేలు గుర్తు ఒక్కటి వచ్చింది. అంతకు మించి ఆశించకూడదు, ఆయనకు అక్కడ ఆఫీసు టైమ్.

అసలు టెన్షన్ పీడీఎఫ్ దగ్గర. లేటెక్ అని పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేస్తే, తెలుగు పదాలున్న చోటల్లా తెల్లగా ఖాళీ. తెలుగు వెతుకులాట బాగుచేస్తానని రాసిన కాగితంలో తెలుగు లేదు! ఫాంట్ పేరు ఇస్తే అక్షరాలు వచ్చాయి, ఒత్తులు కిందికి దిగలేదు. స్క్రిప్ట్ తెలుగు అని విడిగా ఒక మాట చేర్చితే గానీ దారికి రాలేదు. దీనికే గంటన్నర. ఈలోగా కిటికీ రెక్క టపటపా కొట్టుకోవడం మొదలైంది. గాలిదుమారం.

11:04కు పెట్టేశాను. గడువు దాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరిదే లెక్క. అందుకని దించి మళ్ళీ చదివాను. నాలుగో పేజీలో ‘వరంగల్’ రెండు రకాలనూ పక్కపక్కన చూపించిన చోట, రెండింటిలోనూ 6 కోడ్‌లే ఉన్నాయి. ఎప్పుడో సవరించేటప్పుడు ఆ ఏడోది నా చేతిలోనే చచ్చిపోయింది. ఎవరూ కనిపెట్టరు. అయినా సరిచేసి 11:19కి మళ్ళీ పెట్టాను. ఫలితం రావడానికి నెల పడుతుంది.

చినుకులు మొదలయ్యాయి. నాయినకు ఫోన్ చేశాను. రెండు రింగులకే ఎత్తాడు.

"పట్టా కప్పినవా?"

"కప్పిన. నీ కాయిదం పోయిందా?"

"పోయింది."

"మరి పండుకో."

అన్నాడు గానీ పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. అవతల పట్టా మీద చినుకుల చప్పుడు వినబడుతూనే ఉంది.