పోలిష్ వార్ మెమోరియల్ దగ్గర దిగేవాణ్ణి

డ్యూటీ దిగేసరికి తెల్లవారి ఆరు దాటుతుంది. మా షిఫ్ట్‌లోనే పనిచేసే ఒక పంజాబీ పెద్దాయన కారులో నలుగురం కలిసి ఇళ్లకు వస్తాం. హీత్రో ఎయిర్‌పోర్ట్ నుంచి బయటపడి ఎ40 రోడ్డు ఎక్కగానే ఆయన రేడియో పెడతాడు. ట్రాఫిక్ ఎక్కడ ఆగిపోయిందో చెప్పే వార్తల్లో తరచూ ఒక పేరు వినిపిస్తుంది: పోలిష్ వార్ మెమోరియల్. పశ్చిమ లండన్‌లో ఉండే మాకు అది జంక్షన్ పేరు, మన దగ్గర ఎల్బీనగర్ చౌరస్తా అన్నట్టు. సౌత్ రైస్లిప్ వైపు వెళ్లాలి కాబట్టి నన్ను అక్కడే దింపేవారు. ఏడాదికి పైగా అక్కడ దిగాను. రోడ్డు పక్కన రాతి స్తంభం, దాని మీద రెక్కలు విప్పిన కంచు గద్ద. చలికి తల దించుకుని దాన్ని దాటి వెళ్లిపోయేవాణ్ణి.

మాది నల్గొండ వైపు. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఎమ్మెస్ చేసి, చివరికి విమానాలకు భోజనాలు పంపే వంటశాలలో చేరాను. ఇంట్లో మాత్రం "ఎయిర్‌పోర్ట్‌లో పని" అని చెప్పాను. అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. ఎయిర్‌పోర్ట్ అనగానే అమ్మ ఏం ఊహించుకుందో నాకు తెలుసు. నేను చేసేదేమో, ఐదు డిగ్రీల గదిలో నిలబడి ట్రేలు సర్దడం. స్పూన్ల ప్యాకెట్ ఎడమకి, కప్పు తిరగేసి కుడికి, బ్రెడ్డు ముందుకి. ట్రాలీ నిండాక తలుపేసి, సీల్ బిగించి, ఆ నంబరు రాయాలి. మళ్లీ ఇంకో ట్రాలీ.

మా లైన్ లీడర్ యాభై దాటిన పోలిష్ ఆవిడ. ఓ నవంబర్ ఒకటో తారీఖు పొద్దున ఆవిడ కూడా మా కారెక్కింది. చేతిలో ఎర్ర గాజు గ్లాసులో పెద్ద కొవ్వొత్తి. ఆ రోజు వాళ్లకి పోయినవాళ్లను తలుచుకునే రోజట, మన పెద్దల అమావాస్య లాగా. ఆవిడ నాతోపాటు దిగి స్తంభం దగ్గరికి నడిచింది. ఒక్కదాన్నే వదిలి వెళ్లడం బాగుండదని నేనూ వెనకే వెళ్లాను. అప్పటికే అక్కడ చాలా దీపాలు వెలుగుతున్నాయి. రాళ్ల మీద వరసగా పేర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నుంచి ఎగిరి ప్రాణాలు పోగొట్టుకున్న పోలండ్ వాయుసేన వాళ్లవి. అగ్గిపుల్ల గాలికి ఆరిపోతుంటే నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. నాలుగో పుల్లకి అంటుకుంది.

అప్పుడు నేనేదో అన్నాను. చదువుకి తగ్గ పని దొరకలేదని, ఈ ట్రేల పని ఇంట్లో చెప్పలేకపోతున్నానని. నిద్రలేని బాధలో అనేశాను. ఆవిడ ఓదార్చలేదు. ఒక పేరు చెప్పి చదువుకోమంది. ఈ రాళ్ల మీద ఆయన పేరు ఉండదు, ఎందుకంటే ఆయన యుద్ధంలో చనిపోలేదు, నూరేళ్లు బతికాడు అంది. ఆ పేరు ఫ్రాంచిషెక్ కోర్నిట్స్కి.

తర్వాత సెలవు రోజుల్లో చదివినకొద్దీ ఆయన నాకు బాగా దగ్గరివాడయ్యాడు. 1916లో తూర్పు పోలండ్‌లో వెరెషిన్ అనే పల్లెలో పుట్టాడు. రైతు కుటుంబం. డెంబ్లిన్‌లోని వాయుసేన కాలేజీలో సీటు తెచ్చుకుని పైలట్ అయ్యాడు. 1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద పడేటప్పటికి ఆయన యూనిట్ దగ్గర ఉన్నవి అప్పటికే పాతబడిపోయిన పీ.7 విమానాలు. సెప్టెంబర్ 17న తూర్పు నుంచి సోవియట్ సైన్యం కూడా వచ్చేసరికి, సరిహద్దు దాటి రొమేనియా వెళ్లమని పైలట్లకు ఆదేశాలొచ్చాయి. అక్కణ్ణుంచి ఫ్రాన్సు. 1940 జూన్‌లో ఫ్రాన్సు కూడా పడిపోయాక బ్రిటన్. చేతిలో విద్య తప్ప ఇంకేమీ లేకుండా మూడు దేశాలు దాటి వచ్చారు వాళ్లు. బ్రిటన్‌ని వాళ్లలో చాలామంది "చివరి ఆశల దీవి" అనేవారు.

నన్ను బాగా పట్టుకున్నది యుద్ధం కన్నా ముందు భాగం. వీళ్లంతా వందల గంటలు ఎగిరినవాళ్లు, కొందరు అప్పటికే శత్రు విమానాలు కూల్చినవాళ్లు. అయినా ఇక్కడ మొదటి నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. పోలండ్ విమానాల్లో వేగం పెంచాలంటే థ్రాటిల్, అంటే ఇంజను వేగాన్ని అదుపు చేసే లివర్, వెనక్కి లాగాలి. ఇక్కడి హరికేన్, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల్లో ముందుకు తోయాలి. ఆకాశంలో ప్రాణం మీదకి వచ్చినప్పుడు చెయ్యి ఆలోచించి కదలదు కదా, అలవాటైన వైపే పోతుంది. మీటర్లు పోయి అడుగులొచ్చాయి, కిలోమీటర్లు పోయి మైళ్లొచ్చాయి. పాత విమానాలకి చక్రాలు ఎప్పుడూ కిందే ఉండేవి. కొత్తవాటికి దిగే ముందు చక్రాలు దించాలి. అది మర్చిపోయి పొట్ట మీద దించేసినవాళ్లున్నారు.

ఇక భాష. రేడియోలో చెప్పేదంతా ఇంగ్లిషే, అదీ మామూలు ఇంగ్లిష్ కాదు. ఎత్తుని "ఏంజెల్స్" అంటారు, ఒక ఏంజెల్ అంటే వెయ్యి అడుగులు. దిగిపొమ్మని చెప్పాలంటే "ప్యాంకేక్". శత్రు విమానం "బ్యాండిట్". ఇవన్నీ ఒంటబట్టడానికి, పోలిష్ పైలట్లతో ఏర్పడిన 303 స్క్వాడ్రన్ అనే విమాన దళం వాళ్లను, వాళ్లుండే నార్తోల్ట్ వాయుసేన స్థావరానికి దగ్గర్లోనే ఉన్న అక్స్‌బ్రిడ్జ్‌లో ఒక ఫుట్‌బాల్ మైదానానికి తీసుకెళ్లి, మూడు చక్రాల సైకిళ్లు ఎక్కించారు. సైకిలుకి రేడియో, దిక్సూచి, వేగం చూపించే మీటరు. చెవిలో ఇంగ్లిష్‌లో చెప్పిన దిక్కుకి తొక్కుకుంటూ, వరస తప్పకుండా తిరగాలి. యుద్ధం చూసొచ్చిన మగాళ్లకి అది ఎంత అవమానంగా అనిపించి ఉంటుందో నేను ఊహించగలను.

ఎందుకంటే నా మొదటి నెలలో నన్ను హై లోడర్ మీద హెల్పర్‌గా పంపారు. లారీ పెట్టెనే విమానం తలుపు దాకా పైకి లేపే బండి అది. ట్రాలీలు ఎక్కడికి తోసుకురావాలో వాకీటాకీలో చెప్తారు. ఒక రాత్రి "నాట్ సెవెన్" అని వినిపించింది. ఏడు కాదేమో అనుకుని ఎనిమిదో బేకి తోసుకెళ్లాను. ఇక్కడి పాతకాలం వాళ్లు సున్నాని "నాట్" అంటారని, "నాట్ సెవెన్" అంటే సున్నా ఏడు అని నాకు తెలీదు. విమానం పావుగంట ఆలస్యమైంది. వారం రోజులు నా ముఖం ఎవరికీ చూపించలేకపోయాను. ఇంటర్ నుంచీ ఇంగ్లిష్ మీడియంలో చదివినవాణ్ణి. ఆ సైకిళ్ల సంగతి చదివిన రోజు నా గుండె బరువు కొంచెం దిగింది.

303 స్క్వాడ్రన్‌లో ఒక కెనడా ఫ్లైట్ కమాండర్ ఉండేవాడు, జాన్ కెంట్. పోలిష్ మాటలను తనకు పలికే విధంగా ప్యాంటు మోకాలి మీద రాసుకుని ఎగిరేవాడట. వచ్చినవాడే నేర్చుకోవాలని కూర్చోకుండా తనూ నాలుగు మాటలు నేర్చుకున్న ఆ మనిషంటే నాకు ఎంతో గౌరవం.

1940 ఆగస్టు 30న, ఇంకా ట్రైనింగ్‌లో ఉండగానే, పష్కేవిచ్ అనే పైలట్ వరస విడిచి వెళ్లి ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు. మర్నాటికల్లా స్క్వాడ్రన్‌ని యుద్ధానికి తీసుకున్నారు. ఆరు వారాల్లో 126 విమానాలు కూల్చినట్టు వాళ్ల లెక్క. హరికేన్‌లు నడిపిన స్క్వాడ్రన్లన్నిట్లోనూ అదే ఎక్కువ. పష్కేవిచ్ మాత్రం నెల తిరక్కుండానే సెప్టెంబర్ 27న పోయాడు. 1940లో బ్రిటన్ ఆకాశంలో జర్మన్ వాయుసేనతో జరిగిన ఆ "బ్రిటన్ పోరాటం"లో పాల్గొన్న పోలిష్ పైలట్లు మొత్తం 145 మంది. అందరూ పోలిష్ స్క్వాడ్రన్లలోనే లేరు, కొందరిని బ్రిటిష్ స్క్వాడ్రన్లలోకి పంపారు. వాటిలో ఒకటి 253వ స్క్వాడ్రన్. దాని పేరులో హైదరాబాద్ స్టేట్ ఉంది, నిజాం ఇచ్చిన డబ్బు వల్ల. నల్గొండ అప్పుడు నిజాం ఇలాకాలోదే. మా తాతల కాలపు పన్నుల డబ్బు ఏ హరికేన్‌లో పెట్రోలై మండిందో, ఏ పోలిష్ కుర్రాడి కింద ఎగిరిందో అనుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది.

కోర్నిట్స్కి ఆ బ్రిటన్ పోరాటంలో లేడు. 1940 చివర్లో 303లో కొద్దికాలం, తర్వాత 315లో స్పిట్‌ఫైర్ నడిపాడు. 1943లో, 26 ఏళ్లకే, 308 స్క్వాడ్రన్‌కి కమాండర్ అయ్యాడు. పోలిష్ స్క్వాడ్రన్ కమాండర్లలో అందరికన్నా చిన్నవాడు. తర్వాత 317కి కూడా.

చాలా కథలు 1945 దగ్గర ఆగిపోతాయి. నాకు మాత్రం అక్కణ్ణుంచే అసలు కథ మొదలవుతుంది. యుద్ధం చివర్లో అమెరికా, బ్రిటన్, సోవియట్ నాయకులు చేసుకున్న యాల్టా ఒప్పందంతో పోలండ్ సోవియట్ చెప్పుచేతల్లోకి పోయింది. గెలిచిన పక్షాన పోరాడినవాళ్లకి వెళ్లడానికి ఇల్లు లేదు. 1946 జూన్‌లో లండన్‌లో విజయోత్సవ కవాతు జరిగితే ఓ పాతిక మంది పైలట్లకు పిలుపొచ్చింది, పదాతి దళంలో, నౌకాదళంలో పోరాడిన తోటివాళ్లకు రాలేదు. వాళ్లకి లేని గౌరవం మాకొద్దని పైలట్లు వెళ్లలేదు. ధైర్యం చేసి పోలండ్‌కి తిరిగివెళ్లినవాళ్లలో స్తనిస్వావ్ స్కాల్‌స్కి ఒకడు, వాళ్లందరిలో గొప్ప పైలట్. 1948లో గూఢచారి అని అరెస్టు చేసి, 1950లో మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు. 1956లో గానీ బయటికి రాలేదు.

ఇక్కడ ఉండిపోయినవాళ్లు దొరికిన పని చేశారు. నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ యుద్ధంలో పోలిష్ పారాట్రూపర్లను నడిపిన జనరల్ సోసబోవ్‌స్కి, ఇదే ఎ40 మీద లండన్ వైపు వెళ్తే వచ్చే ఆక్టన్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో సామాను సర్దాడు. ట్యాంకుల డివిజన్‌ని నడిపిన జనరల్ మాచెక్ ఎడిన్‌బరోలో హోటల్ బార్ కౌంటర్ వెనక నిలబడ్డాడు. కోర్నిట్స్కి హోటల్ పనుల్లోకి వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ వాయుసేనలోకే వచ్చాడు, ఈసారి రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో. పైలట్‌గా కాదు, క్యాటరింగ్ విభాగంలో. స్పిట్‌ఫైర్ల దండుని నడిపినవాడు ఎంతమందికి భోజనం, ఎంత సరుకు కావాలి అని లెక్క చూసుకుంటూ 1972లో రిటైరయ్యేదాకా పనిచేశాడు. తను భోజనం ఏర్పాటు చేసిన కుర్రాళ్లు విమానాలెక్కి వెళ్తుంటే ఎన్నిసార్లు చూసి ఉంటాడు! అక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను.

2017లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం జనానికి నచ్చిన స్పిట్‌ఫైర్ పైలట్ ఎవరని ఓటింగ్ పెట్టింది. పేరుమోసిన బ్రిటిష్ పైలట్ల మధ్య ఆయనకి 3,25,000 ఓట్లొచ్చాయి, మొత్తం మూడున్నర లక్షల్లో. పోలండ్‌లో ఉన్నవాళ్లు, ప్రపంచమంతా చెదిరినవాళ్లు వేసిన ఓట్లవి. మా లైన్ లీడర్ కూడా వేసిందట. అదే నవంబర్‌లో, 101వ పుట్టినరోజుకి నెల ముందు, ఆయన కన్నుమూశాడు.

ఇదంతా చదివిన వారమే బ్రేక్‌లో ఇంటికి వీడియో కాల్ చేశాను. తలకి నెట్, మీద తెల్ల కోటు అలాగే ఉంచాను. "ఏంట్రా ఆ వేషం?" అంది అమ్మ. చేసే పనేంటో, ట్రేలు ఎలా సర్దుతామో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అంత చల్లటి గదిలో లోపల స్వెట్టరేసుకుంటున్నావా?" అని అడిగింది. నాన్న ఫోను తీసుకున్నారు. ఆయనకి కోర్నిట్స్కి గురించి, సైకిళ్ల గురించి, థ్రాటిల్ గురించి చెప్పాను. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషి, మిగతాదంతా వదిలేసి ఆ ఒక్క సంగతే పట్టుకున్నారు.

"మరి చెయ్యి మాట వినడానికి ఎన్నాళ్లు పట్టిందంటరా వాళ్లకి?"

"కొన్ని వారాలు, నాన్నా."

"నీకు?"

వెనక నుంచి ట్రాలీల చప్పుడు మొదలైంది. రెండు నెలలు పట్టిందని చెప్పి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాను.