సీబ్ అగ్నిమాపక కేంద్రం నుంచి వచ్చిన గోల్‌కీపర్

ఒమన్‌లో ఎన్నేళ్లు పనిచేసినా ఆ దేశస్థులతో మనకు కలిగే పరిచయం చాలావరకు కౌంటరుకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేంతవరకే. రెసిడెంట్ కార్డు ఇచ్చే ఉద్యోగి, లైసెన్సు చూసే పోలీసు, గేటు దగ్గర పాసు అడిగే గార్డు తప్ప మరో ఒమనీతో నాలుగు మాటలు కలిపే సందర్భం సైటు మనిషికి అరుదుగా వస్తుంది. అలాంటిది, సోహార్ రిఫైనరీ పనుల్లో ఉన్న ఒక ఉద్దానం మనిషి ఒక ఒమనీ ఫుట్‌బాల్ ఆటగాడి ఉద్యోగ జీవితాన్ని మొదటి నుంచి చివరి వరకూ ఆసక్తిగా అనుసరించాడంటే కారణం చెప్పాలి. అలీ అల్ హబ్సీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడిన మొదటి ఒమనీ. అంతకుముందు అతడు మస్కట్‌లోని సీబ్ విమానాశ్రయంలో అగ్నిమాపక సిబ్బందిలో పనిచేశాడు. నేను ఈ దేశానికి వచ్చింది ఫైర్ వాచర్‌గా.

ఫైర్ వాచర్ అంటే ఏమిటో మా కవిటి వైపు ఎవరికీ తెలియదు. షట్‌డౌన్ సమయంలో, అంటే మరమ్మతులకు ప్లాంటు ఆపినప్పుడు, వెల్డింగ్, గ్రైండింగ్ లాంటి పనులు జరిగే ప్రతి చోటా ఒక మనిషి ఏ పనిముట్టూ పట్టకుండా నిలబడి ఉంటాడు. గ్యాస్ టెస్టు అయిందా, పనికి అనుమతి పత్రమైన పర్మిట్ మీద సంతకాలు పడ్డాయా, ఫైర్ బ్లాంకెట్ అంచులు సరిగా కప్పారా, ఎక్స్‌టింగ్విషర్ సూది పచ్చగీతలోనే ఉందా అని ముందు చూసుకోవాలి. ఆ తర్వాత రవ్వలు ఎటు రాలుతున్నాయో, గ్రేటింగ్ అనే ఇనుప జాలీ నేల సందుల్లోంచి కిందికి ఎంతదూరం పోతున్నాయో గమనిస్తూ ఉండాలి. వెల్డర్ టార్చ్ కట్టేసి టీకి వెళ్లిపోయాక కూడా సైటు నియమాన్నిబట్టి అరగంటో గంటో అక్కడే నిలబడాలి, ఎందుకంటే నిప్పు రాజుకునేది ఎక్కువగా అప్పుడే. సెలవుకు వెళ్లినప్పుడు మావయ్యకు ఇదంతా వివరించాను. ఆయన ఓపికగా విని, “అయితే నిలబడ్డానికి కూడా జీతమిస్తారేటిరా?” అన్నాడు. “నిలబడ్డానికి కాదు మావయ్యా, చూడ్డానికి,” అన్నాను గాని ఆయనకు నమ్మకం కుదరలేదు.

ఫుట్‌బాల్ విషయంలో మా జిల్లాకు పెద్దగా చెప్పుకోదగ్గ చరిత్ర లేదు. మా వైపు గర్వంగా తలుచుకునేది బరువులు ఎత్తిన వాళ్లనే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరి మా ఆమదాలవలస ప్రాంతపు మనిషే. ఫుట్‌బాల్ నాకు మా కార్మికుల క్యాంపులోనే అబ్బింది. మలయాళీలు టీవీ ముందు కూర్చుంటే రాత్రి భోజనం చల్లారిపోయేది. అందరూ బంతిని చూస్తుంటే నా చూపు గోల్ దగ్గరున్న మనిషి మీదకు పోయేది. 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న చట్రం ముందు అతడు నిలబడి ఉంటాడు. బంతి అవతలి సగంలో ఉన్నా అతడు రెండడుగులు ముందుకు, ఒక అడుగు పక్కకు సర్దుకుంటూనే ఉంటాడు. కొట్టేవాడి కాలు బంతిని తాకబోయే ముందు చిన్నగా ఎగిరి, రెండు పాదాల మీదా సమంగా దిగుతాడు. ఆ దిగడంలో ఆలస్యమైతే తర్వాత ఎంత ఎగిరినా లాభం ఉండదు. జనం చప్పట్లు కొట్టేది ఎగిరినందుకు, కాని గోల్‌ను కాపాడేది చాలాసార్లు ముందే సర్దుకున్న ఆ రెండడుగులే. ఫైర్ వాచర్‌ని గనక నాకు అది వెంటనే బోధపడింది.

హబ్సీ 1981 డిసెంబరులో పుట్టాడు. అల్ ముదైబీ అనే పట్టణంలోని క్లబ్బులో ఆడుతూ విమానాశ్రయంలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రవాణ్ని పట్టుకుని సాన పెట్టినవాడు జాన్ బరిడ్జ్. ఈ బరిడ్జ్ కథ కూడా వినదగ్గదే. ఇంగ్లండ్‌లో దాదాపు మూడు దశాబ్దాలు గోల్‌కీపర్‌గా ఆడి, క్లబ్బు తర్వాత క్లబ్బు మారుతూ, 1995లో మాంచెస్టర్ సిటీ తరఫున 43 ఏళ్ల వయసులో బరిలోకి దిగి ప్రీమియర్ లీగ్‌లో అతి పెద్ద వయసు ఆటగాడిగా నిలిచాడు. ఆట మానేశాక పని వెతుక్కుంటూ గల్ఫ్ వచ్చి ఒమన్‌లో గోల్‌కీపర్లకు శిక్షకుడయ్యాడు. మనలాగే అతడూ పరదేశంలో బతుకు వెతుక్కున్నవాడే. అలా వచ్చిన ఇంగ్లీషువాడు ఒక ఒమనీని ఇంగ్లండ్‌కు తయారుచేశాడు.

అయితే ఇంగ్లండ్‌కు దారి నేరుగా దొరకలేదు. యూరప్ వెలుపలి ఆటగాడికి అప్పట్లో బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వాలంటే అతడి దేశం ఫిఫా ర్యాంకింగులో మొదటి 70 స్థానాల్లో ఉండాలి, ఆ దేశం తరఫున రెండేళ్లలో జరిగిన పోటీ మ్యాచ్‌లలో 75 శాతం అతడు ఆడి ఉండాలి. చేతిలో ఎంత నైపుణ్యం ఉన్నా పుట్టిన దేశం ర్యాంకు అడ్డొస్తే ఎవరేం చేయగలరు? హబ్సీ 2003లో నార్వే వెళ్లి ఓస్లోలోని లిన్ క్లబ్బులో చేరాడు. ఎండ తప్ప ఎరుగని మనిషి మంచు దేశంలో నిలదొక్కుకుని, 2004లో ఆ దేశపు ఉత్తమ గోల్‌కీపర్ బహుమతి అందుకున్నాడు. 2006 జనవరిలో గాని ఇంగ్లండ్‌లోని బోల్టన్ అతణ్ని తీసుకోలేదు. ముందు చిన్న దేశంలో రెండేళ్లు చేసి, ఆ అనుభవం కాగితంతో పెద్ద కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవడం మా పైప్ ఫిట్టర్లందరూ నడిచిన బాటే. అతడి జీతానికీ మా జీతానికీ పోలిక లేదన్నది నిజమే గాని, వీసా కౌంటరు దగ్గర నిరీక్షణ మాత్రం ఇద్దరికీ ఒకటే.

బోల్టన్‌లో అతడికి ఎదురైన పరీక్ష బెంచీ. మిగతా ఆటగాళ్లకు చివరి పావుగంటైనా ఆడే అవకాశం వస్తుంది, రెండో గోల్‌కీపర్‌కు అదీ ఉండదు. మొదటివాడు గాయపడితేనో, అతడికి విశ్రాంతి ఇస్తేనో తప్ప ఇతడి వంతు రాదు. అక్కడ మొదటివాడు ఫిన్లండ్‌కు చెందిన యుస్సి యాస్కెలైనెన్, ఏళ్ల తరబడి చోటు వదలనివాడు. 2007 శరదృతువులో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఎఫా కప్‌లో జర్మనీ జట్టు బయర్న్ మ్యూనిక్‌తో వాళ్ల మైదానంలోనే 2–2గా ముగిసిన మ్యాచ్‌లో హబ్సీ ఆడాడు. ప్రీమియర్ లీగ్‌లో మాత్రం 2008లో గాని అడుగుపెట్టలేదు. చేరాక రెండేళ్లకు పైగా వారం వారం లీగ్ మ్యాచ్‌కు సిద్ధమై, ఆడకుండా ఇంటికి వెళ్లాడన్నమాట. ఆ రెండేళ్లను పని చేయని కాలంగా లెక్కగట్టేవారితో నేను ఏకీభవించను. నిప్పు అంటుకోని రోజు ఫైర్ వాచర్ ఖాళీగా ఉన్నట్టు కాదు.

ఆ మధ్యలోనే స్వదేశంలో అతడి స్థానం స్థిరపడింది. గల్ఫ్ దేశాల జట్లు తలపడే గల్ఫ్ కప్ ఫైనల్‌లో ఒమన్ 2004లో ఖతర్ చేతిలోనూ, 2007లో యూఏఈ చేతిలోనూ ఓడింది. 2009 జనవరిలో మస్కట్‌లోనే జరిగిన ఫైనల్‌లో సౌదీ అరేబియాతో ఆట గోల్ లేకుండా ముగిసి, పెనాల్టీల్లో 6–5తో ఒమన్ మొదటిసారి కప్పు గెలిచింది. ఆ టోర్నమెంటు మొత్తంలో ఆట నడుస్తుండగా హబ్సీ వెనక బంతి ఒక్కసారి కూడా వలలో పడలేదు.

2010లో విగాన్ అనే ఇంగ్లండ్ క్లబ్బు అతణ్ని అరువుకు తీసుకుంది, మరుసటి ఏడాది సొంతం చేసుకుంది. కింది అంచెకు జారిపోకుండా ఏటా పెనుగులాడే జట్టు కనుక గోల్‌కీపర్‌కు చేతినిండా పని దొరికింది, మొదటి సీజన్‌కే జట్టులో ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. 2013 మే నెలలో ఆ చిన్న జట్టు మాంచెస్టర్ సిటీని 1–0తో ఓడించి ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. తీరా ఆ రోజు గోల్‌లో నిలబడింది స్పెయిన్ కుర్రవాడు జోయెల్ రోబ్లెస్. మూడు రోజులకే ఆర్సెనల్ చేతిలో ఓడి విగాన్ ప్రీమియర్ లీగ్ నుంచి జారిపోయింది. ఒకే సీజన్‌లో ఆ కప్పూ గెలిచి కింది అంచెకూ పడిపోయిన జట్టు అంతకుముందు లేదు.

గోల్‌కీపర్లు ఇంతకాలం ఎలా ఆడగలరని క్యాంపులో తరచు వాదన జరిగేది. పరుగు తక్కువ గనక అని కొందరు తేల్చేసేవారు. అది సగం నిజమే. మిగతా సగం, బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టే చూపు వయసుతోపాటు పదునెక్కడం. డీనో జోఫ్ 1982లో 40 ఏళ్ల వయసులో ఇటలీ కెప్టెన్‌గా ప్రపంచ కప్పు ఎత్తాడు. అదే దేశానికి చెందిన బుఫాన్ 1995లో 17 ఏళ్లకు పార్మా తరఫున మొదలుపెట్టి, 2023లో 45 ఏళ్లకు అదే పార్మాలో ముగించాడు. 2018 ప్రపంచ కప్పులో ఈజిప్టుకు చెందిన 45 ఏళ్ల ఎస్సామ్ అల్ హదరీ సౌదీ ఆటగాడి పెనాల్టీని ఆపినప్పుడు మా గదిలో ఈజిప్టు ఫోర్‌మన్ చేసిన గోల మెస్‌హాలుదాకా వినిపించింది. ఆ మ్యాచ్‌లో ఈజిప్టు ఓడినా అతడికి పట్టలేదు.

హబ్సీ విగాన్ తర్వాత రెడింగ్ క్లబ్బుకు ఆడి, పై అంచెకు చివరి చోటు తేల్చే 2017 ప్లేఆఫ్ ఫైనల్‌లో వెంబ్లీలో పెనాల్టీల్లో ఓడి, ప్రీమియర్ లీగ్‌కు తిరిగి చేరే అవకాశాన్ని చివరి మెట్టు మీద పోగొట్టుకున్నాడు. అదే ఏడాది రియాద్‌లోని అల్ హిలాల్‌లో చేరాడు. విదేశీ గోల్‌కీపర్లను తీసుకోకూడదన్న నిషేధాన్ని సౌదీ అప్పుడే ఎత్తివేసింది. ఒకరి నియమం మారితే మరొకరికి ఉద్యోగం దొరుకుతుంది, ఇంకొకరికి పోతుంది. స్థానికులకే కేటాయించిన ఉద్యోగాల జాబితా పెరిగినప్పుడల్లా మా క్యాంపులో మంచాలు ఖాళీ కావడం చూసినవాళ్లకు అది కొత్త సంగతి కాదు. తర్వాత ఇంగ్లండ్‌లో వెస్ట్ బ్రామ్‌లో కొద్దికాలం ఉండి, 2020లో ఆట మానేశాడు. ఇప్పుడు సెలవుకు వెళ్తే ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సు చేసిన కుర్రాళ్లు శ్రీకాకుళం, సోంపేటల నుంచి వచ్చి, మొదటే సూపర్‌వైజర్ పోస్టు దొరుకుతుందా అని అడుగుతున్నారు. ముందు కొన్నాళ్లు ఎక్స్‌టింగ్విషర్ పక్కన నిలబడాల్సి ఉంటుందని చెబితే ముఖం చిన్నబుచ్చుకుంటున్నారు. వాళ్లకు నేను హబ్సీ బోల్టన్‌లో గడిపిన మొదటి రెండేళ్ల సంగతి చెబుతాను, పర్మిట్ పుస్తకం నింపడం కూడా నేర్పి పంపిస్తాను.