ఎర్రమట్టిలో జింకల మేతమళ్లు: తొలి పద్నాలుగు నెలల నమోదు

జార్జియా రాష్ట్రంలోని జాస్పర్ కౌంటీలో నేనూ నా మిత్రుడూ కలిసి వేట కోసం కొనుక్కున్న 42 ఎకరాల్లో ముప్పాతిక వంతు సాళ్లలో నాటిన పైన్ చెట్లే. మిగిలినది వాగు వెంబడి పెరిగిన ఓక్ చెట్లు, కలప లారీలు నిలపడానికి ఒకప్పుడు చదును చేసి వదిలేసిన రెండు ఖాళీ జాగాలు. పెద్ద జాగా అరెకరం, అంటే మన లెక్కలో ఇరవై గుంటలు. చిన్నది పది గుంటలు. ఇక్కడివారు ఫుడ్ ప్లాట్లు అని పిలిచే వాటిని, అంటే తెల్లతోక జింకల కోసం పెంచే మేతమళ్లను, ఈ రెండు జాగాల్లో వేయాలని 2024 జనవరిలో పని మొదలుపెట్టాము. దేవరకొండ దగ్గర మా పొలంలో అడవి పందులు పడకుండా రాత్రంతా మంచె మీద కాపలా కాసిన ఇంటివాణ్ని నేను. అడవి జంతువు వచ్చి మేయాలని పైరు వేయడం నాకూ కొత్తే, ఫోనులో ఈ సంగతి విన్న మా నాన్నకూ కొత్తే. ఇటువంటి పనికి పూనుకునే మనవాళ్లకు పనికొస్తుందని ఏ రోజు ఏం చేశామో, ఏం జరిగిందో కొలతలతో సహా రాసి పెడుతున్నాను.

2024 జనవరి, ఫిబ్రవరి: మట్టి, సున్నం

ఆ ఎర్రమట్టిని చూడగానే మా చెల్కలు గుర్తుకొచ్చాయి. రెంటికీ ఆ రంగు ఇనుప ఆక్సైడ్ల వల్లనే వచ్చింది కాని, పోలిక అక్కడితో సరి. ఏటా మంచి వానలు పడే ఈ ప్రాంతంలో నేలలోని కాల్షియం, మెగ్నీషియం అడుగుకు కొట్టుకుపోయి మట్టి ఆమ్లగుణం సంతరించుకుంటుంది. దానికి తోడు ఏళ్ల తరబడి పైన్ తోట పెరిగిన నేల ఇది. జనవరి 20న ఒక్కో మడిలో పన్నెండు చోట్ల ఆరంగుళాల లోతు వరకు మట్టి తీసి, బకెట్లో కలిపి, కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయం ద్వారా ఏథెన్స్‌లోని జార్జియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు పంపాము. పీహెచ్ 5.1 అని ఫలితం వచ్చింది (ఈ అంకె 7 కన్నా ఎంత తగ్గితే మట్టిలో ఆమ్లగుణం అంత ఎక్కువ). క్లోవర్ అనే పప్పుజాతి మేతమొక్కకు కనీసం 6 ఉండాలి. భాస్వరం కూడా తక్కువగానే ఉంది.

ఎకరానికి రెండు టన్నుల సున్నం వేయమన్నారు. ఆ కాలిబాటలోకి సున్నం లారీ రాలేదు కనుక 40 పౌండ్ల గుళికల సున్నం సంచులు కొన్నాము: పెద్ద మడికి 50, చిన్న మడికి 25. పికప్ బండిలో రెండు విడతలుగా మోసుకొచ్చి, ఫిబ్రవరి 10, 11 తేదీల్లో చేతితో తోసే చల్లుడు బండితో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చల్లి, చిన్న డిస్కుతో (గుండ్రటి పలకలతో మట్టిని తిరగేసే పనిముట్టు) పైపైన కలియదున్నాము. చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఈ పద్నాలుగు నెలల్లో మేము పెట్టిన ఖర్చులన్నిటిలో అత్యంత సార్థకమైనది ఈ సున్నమేనని ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలను. జింక బొమ్మ వేసిన రంగురంగుల విత్తన సంచీ మీద పెట్టే డబ్బు ముందుగా మట్టి మీద పెట్టాలి. సున్నం పూర్తిగా పనిచేయడానికి నెలలు పడుతుంది కనుక విత్తే ముందు వారం గుర్తొస్తే లాభం లేదు.

మే నుంచి ఆగస్టు వరకు: తెలిసిన విత్తనాలు

వేసవి మేతకు ఇక్కడివారు వేసే గింజల పేర్లు చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కౌపీ అంటే మన అలసంద, లాబ్‌లాబ్ అంటే మన అనుములు, సన్ హెంప్ అంటే పచ్చిరొట్ట కోసం పొలాల్లో వేసే జనుము. మే 18న, నేల బాగా వేడెక్కాక, చిన్న మడిలో పది పౌండ్ల ఐరన్ అండ్ క్లే రకం అలసంద, మూడు పౌండ్ల అనుములు చల్లాము. బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, అందులో రైజోబియం కల్చర్ (పప్పుజాతి వేర్ల బొడిపెల్లో నత్రజనిని నిలిపే సూక్ష్మజీవుల పొడి) కలిపి గింజలకు పట్టించి నీడన ఆరబెట్టాము. మా నాన్న చెప్పిన పద్ధతి అది. అలసందకూ అనుములకూ జనుముకూ ఒకే కల్చర్ సరిపోతుంది. క్లోవర్‌కు వేరే రకం కావాలి. ఇది తెలియక అన్నిటికీ ఒకే పొట్లం వాడితే వేర్లకు బొడిపెలు రావు.

విత్తిన రోజే మడి మధ్యలో ఒక తీగ వల నిలబెట్టాము. నాలుగడుగుల ఎత్తు, పదడుగుల పొడవు ఉన్న ముక్కను గుండ్రంగా చుడితే సుమారు మూడడుగుల వెడల్పు గల దడి అవుతుంది. దాన్ని రెండు ఇనుప ఊచలతో నేలలోకి దించితే చాలు. దడి లోపలి మొక్కను జింక ముట్టదు కనుక, లోపలికీ బయటికీ ఉన్న తేడాయే జింకలు తిన్న లెక్క.

జూన్ 8న వెళ్లి చూసేసరికి దడి లోపల అలసంద జానెడెత్తు పెరిగి ఉంది. బయట మొలకలు మూడాకుల దశలోనే, గోటితో గిల్లినట్టు, నేలకు అంగుళం ఎత్తున తెగిపోయి ఉన్నాయి. వంగి చూస్తే కాడల చివరలు కొన్ని సాఫుగా కాకుండా చీలి, పీచు తేలి ఉన్నాయి. జింకకు పైదవడన ముందు పళ్లు ఉండవు. కింది పళ్లతో పట్టి లాగి తెంపుతుంది. కుందేలు కొరికిన కాడ కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే మడిని ఎవరు మేశారో కెమెరా లేకుండానే చెప్పవచ్చు. ఆపైన జూన్ నెలంతా వాన మొహం చాటేసింది. మిగిలిన నాలుగు మొక్కలూ ఎండిపోయాయి. పప్పుజాతి పైరును పది గుంటల్లో వేసి కంచె కట్టకపోవడం మా తప్పు. వేసవిలో కూనలను సాకే ఆడ జింకలకు మాంసకృత్తులున్న మేత కావాలి. నాలుగైదు జింకలు వరుసగా పది రాత్రులు వస్తే అంత చిన్న మడిలో ఏమీ మిగలదు.

జూలై 13న అదే మడిలో ఏడు పౌండ్ల జనుము చల్లాము. జింకలు దాని లేత కొసలు కూడా తిన్నాయి కాని, తిన్నచోటల్లా పక్క కొమ్మలు వేసి జనుము వాటిని మించి పెరిగింది. సెప్టెంబరు మూడో వారానికి దడి లోపల ఆరడుగులు, బయట నాలుగున్నర అడుగులు ఉంది. పెద్ద మడిలో మాత్రం గరిక అల్లుకుపోయింది. వినాయక చవితికి ఏరుకునే గరికే ఇక్కడ బర్ముడా గడ్డి, క్లోవర్‌ను ఎదగనివ్వదు. ఆగస్టు 10న, మళ్లీ సెప్టెంబరు 7న, గరిక పచ్చగా ఉన్నప్పుడే, డబ్బా మీద రాసిన మోతాదులోనే గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టాము.

సెప్టెంబరు, అక్టోబరు: తుపాను

సెప్టెంబరు 21న రెండు మళ్లూ విత్తాము. పెద్ద మడిని డిస్కుతో మెత్తగా దున్ని, ముప్పై పౌండ్ల గోధుమ చల్లి అంగుళం లోతు పడేలా కలిపి, పైన అయిదు పౌండ్ల క్రిమ్సన్ క్లోవర్, మూడు పౌండ్ల డ్యురానా తెల్ల క్లోవర్ చల్లి రోలరు దొర్లించాము. తెల్ల క్లోవర్ గింజ ఆవగింజకన్నా చిన్నది, పావంగుళం కన్నా లోతుకు పోతే సరిగా మొలవదు. డ్యురానా రకాన్ని జార్జియా విశ్వవిద్యాలయంలోనే రూపొందించారు. పాకుడు కాడలు దట్టంగా వేస్తుంది కనుక మేపును తట్టుకుని ఏళ్ల తరబడి నిలుస్తుంది. చిన్న మడిలో దున్నలేదు. నిలబడి ఉన్న జనుములోనే అదే నిష్పత్తిలో విత్తనాలు చల్లి, ఆ తర్వాత బ్రష్ కట్టర్‌తో జనుమును కోసి అక్కడే పడేశాము. పూత మొదలైంది, ఇంకా ఆలస్యం చేస్తే కాడ నార కడుతుందని నాన్న హెచ్చరించినందుకే ఆ రోజు కోశాము.

అయిదు రోజులకు హెలీన్ తుపాను వచ్చింది. మా వాన కొలిచే గొట్టం నిండి పొర్లింది. 28న వెళ్లి చూస్తే పెద్ద మడిలో మెత్తగా దున్నిన పైమట్టి వాలు వెంబడి కొట్టుకుపోయి, పల్లపు అంచున చెత్తతో కలిసి కట్టలా నిలిచి ఉంది. గోధుమ మొలకలన్నీ ఆ కట్ట మీద దువ్వెన పళ్లలా ఒకే వరుసలో మొలిచాయి. పైభాగాన నున్నటి ఎర్రటి నేల తప్ప ఏమీ లేదు. అక్కడినుంచి నేరుగా చిన్న మడికి నడిచాను. జనుము కాడల పరుపును చేతితో పక్కకు జరిపితే, కింద తడి మట్టిలో క్లోవర్ మొలకలు గుండుసూది తలలంత రెండేసి ఆకులతో ఎక్కడ చల్లినవి అక్కడే ఉన్నాయి. వాలు రెండు మళ్లకూ ఒకటే, వానా ఒకటే. దున్నిన నేల పోయింది, కప్పి ఉంచిన నేల నిలిచింది. ఈ ప్రయత్నంలో నేను నేర్చుకున్నదంతా ఆ పిడికెడు జనుము కాడల కింద ఉంది.

అక్టోబరు 5న పెద్ద మడి పైభాగంలో మళ్లీ విత్తనాలు చల్లి, ఈసారి పైన పల్చగా గోధుమ గడ్డి పరిచాము. అయితే తుపాను తర్వాత అక్టోబరంతా చుక్క వాన లేదు. ఆ గింజలు నవంబరు మొదటి వారపు వానలకు గాని మొలవలేదు. జనుము పరుపు కింద తేమ ఆరకపోవడం వల్ల చిన్న మడిలో గోధుమ అప్పటికే ఆరంగుళాలు పెరిగింది.

నవంబరు నుంచి జనవరి వరకు: ఏం తిన్నాయి

అక్టోబరులో ట్రెయిల్ కెమెరాలో (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసేది) జింకలు దాదాపు కనిపించలేదు. ఆందోళన పడ్డాము గాని కారణం వాగు ఒడ్డునే దొరికింది: తెల్ల ఓక్ కాయలు రాలుతున్నాయి. అవి రాలుతున్నంత కాలం ఎంత మంచి పచ్చిక వేసినా జింక దానికి రెండో స్థానమే ఇస్తుంది. అందుచేత ఆ నెలలో మడి దగ్గర కాకుండా ఓక్ చెట్లకూ మడికీ మధ్య దారిలో కాపు కాయడమే సరైన పద్ధతి.

నవంబరు 16 సాయంత్రం వాయవ్యం నుంచి గాలి వీస్తుండగా చిన్న మడికి ఆగ్నేయాన ఉన్న నిచ్చెన మంచె ఎక్కాను. గాలి జింకలు వచ్చే వైపు నుంచి నా వైపు వీచే రోజున తప్ప ఆ మంచె ఎక్కకూడదని మేము పెట్టుకున్న నియమం. వెలుగు తగ్గుతుండగా ఒక ఆడ జింక ఓక్ చెట్ల వైపునుంచి వచ్చి మడి అంచున నిలబడింది. ఒక్క బాణంతో పడింది. కడుపు శుభ్రం చేస్తున్నప్పుడు మొదటి పొట్ట కోసి చూశాను: నిండా పసుపుపచ్చటి ఓక్ కాయల పలుకులు, వాటి మధ్య అక్కడక్కడా గోధుమ ఆకు ముక్కలు. జనవరి 4న మిత్రుడు తుపాకితో కొట్టిన ఆడ జింక పొట్ట మాత్రం క్లోవర్, గోధుమలతో ముద్దగా, పచ్చగా ఉంది. మేతమడి దేనికి పనికొస్తుందో ఆ రెండు పొట్టలే స్పష్టంగా చూపాయి. కాయలు అయిపోయి అడవి ఎండిపోయాక, శీతాకాలం రెండో సగంలో దాని అవసరం మొదలవుతుంది.

రెండూ ఆడ జింకలే కావడం యాదృచ్ఛికం కాదు. మందను భూమి మోయగలిగినంతలో ఉంచాలంటే ఆడ జింకలను తగ్గించాలి. లేకపోతే మేము వేసే మేత సంఖ్యను పెంచుతుందే గాని ఆరోగ్యాన్ని పెంచదు.

ఇక్కడ సొంత భూమిలో మొక్కజొన్న పోసి వేటాడడం చట్టసమ్మతమే, పక్క భూముల్లో చాలామంది చేస్తారు. మేము చేయము. 2025 జనవరిలో దక్షిణ జార్జియాలోని లానియర్ కౌంటీలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకల మెదడును తినేసే ప్రాణాంతక వ్యాధి ఈ రాష్ట్రంలో మొదటిసారి బయటపడింది. లాలాజలం ద్వారా, మలమూత్రాల ద్వారా పాకే రోగం అది. ఒకే కుప్పలో పది మూతులు పెట్టించడం కన్నా ఇరవై గుంటల్లో విడివిడిగా మేయనివ్వడం మేలని మా అభిప్రాయం.

2025 మార్చి 15

చిన్న మడిలో దడి లోపల క్లోవర్, గోధుమ కలిసి పద్నాలుగు అంగుళాలు, బయట మూడు. పెద్ద మడి పల్లపు భాగంలో లోపల పన్నెండు, బయట నాలుగు. పైభాగంలో క్లోవర్ పలచగా ఉన్నా బతికింది. గోధుమను పూర్తిగా మేసినా వేళ్లు లేవలేదు. పీహెచ్ పెద్ద మడిలో 5.8, చిన్న మడిలో 5.9. పెద్ద మడికి మరో పాతిక, చిన్న మడికి పన్నెండు సంచుల సున్నం వచ్చే శనివారం చల్లుతాము.

క్రిమ్సన్ క్లోవర్‌ను పూత పూసి గింజ రాలేదాకా కోయము. అలా వదిలితే శరత్తులో దానంతటదే మొలుస్తుంది. పెద్ద మడి పైభాగంలో పలచబడ్డ అయిదు గుంటల్లో మే నెలలో జనుము చల్లి, సెప్టెంబరులో దున్నకుండా దాని మీదే విత్తుతాము. చిన్న మడి సగంలో అలసంద మళ్లీ వేస్తాము గాని, ఈసారి సౌరశక్తితో పనిచేసే విద్యుత్ కంచె రెండు వరుసలుగా కట్టి, మొక్కకు నలభై అయిదు రోజులు నిండాకే తెరుస్తాము. కంచె బయటి వరుసకూ లోపలి వరుసకూ మధ్య మూడడుగులు ఉంచాలట. జింక ఎత్తు దూకగలదు, వెడల్పు దూకగలదు గాని రెండూ ఒకేసారి అంచనా వేసుకోలేక వెనక్కి తగ్గుతుంది. ఊచలు తెచ్చాము, తీగ ఇంకా కొనాలి.