టమ్మీ టక్ తర్వాత నడక
పొట్ట మీద వదులైన చర్మం, కొవ్వు తీసేసే టమ్మీ టక్ ఆపరేషన్ చేయించుకున్నాక అందరూ కుట్ల గురించే అడుగుతున్నారు గానీ నన్ను అసలు భయపెట్టింది కాళ్లలో రక్తం గడ్డకట్టడం. పొట్ట కండరాన్ని బిగించి కుట్టేస్తారు కదా, దాంతో లోపల ప్రెషర్ పెరిగి కాళ్ల నుంచి రక్తం పైకి రావడం స్లో అవుతుందట, పైగా కదలకుండా పడుకుంటే ఇంకేముంది. అందుకే ముందే కాప్రిని స్కోర్ అని, రక్తం గడ్డకట్టే ముప్పు ఎంతుందో చూడ్డానికి వయసు, బరువు, ఇంట్లో ఎవరికైనా క్లాట్స్ వచ్చాయా, పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడుతున్నానా అన్నీ అడిగి లెక్కేశారు.

మెలకువ వచ్చేసరికి పిక్కలకి చుట్టిన పంప్ బుస్సుమంటూ నొక్కి వదులుతోంది. సాయంత్రానికే సిస్టర్ లేపి నడిపించింది, ముసలమ్మలా నడుం వంచుకుని, అత్తయ్యేమో "పచ్చి ఒళ్లు, పడుకోనివ్వండమ్మా" అని ఒకటే గొడవ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ ఇంటికొచ్చాక కూడా రోజూ నడుస్తోంది. ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వచ్చేయమన్నారు.