తాతను పొడిచింది కోడె కాదు

మా తాత వీపు మీద, కుడి భుజం కింద నుంచి పక్కదాకా దిగిన పెద్ద మచ్చ ఒకటి ఉండేది. అడిగితే, రంగంపేట పశువుల పండగలో కోడె పొడిచిందనేవాడు. చంద్రగిరి వైపు వాళ్లకు ఆ పండగ తెలిసిందే, ఎద్దుల కొమ్ములకు కట్టిన పలకల కోసం కుర్రాళ్లు ఎగబడతారు. బళ్లో ఆ కథ ఎంతమందికి చెప్పుకున్నానో!

పోయిన నెల తిరుపతిలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన ట్రంకుపెట్టెలో, పంచెల అడుగున ఒక ఎక్స్‌రే ఫిల్మ్ దొరికింది. కిటికీకి ఆనించి చూస్తే ఒకవైపు పైన పక్కటెముకలే లేవు. దాంతో పాటే ఒంటి బరువులు రాసిన చీటీ, పైన ఆరోగ్యవరం అని పేరు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం, అంటే క్షయ రోగులను ఉంచి వైద్యం చేసే ఆసుపత్రి, మొదలైంది. ఫోటో తీసి తెలిసిన ఛాతీ డాక్టరుకు పంపితే, థొరాకోప్లాస్టీ అన్నారు. టీబీకి మంచి మందులు అందని రోజుల్లో పక్కటెముకలు తీసేసి ఊపిరితిత్తిని అణిచేవాళ్లట, లోపలి పుండు మూసుకుంటుందని. చాలామందికి మత్తు ఆ చోటికే ఇచ్చి, మనిషి మెలకువగా ఉండగానే, విడతలుగా కోసేవాళ్లట. అది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రేణిగుంటలో ఉన్న అత్తకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవురు చెప్పినారు నీకు?" అంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, క్షయ ఉన్న ఇంటి సంబంధం ఎవరు చేసుకుంటారని అవ్వే ఆ కోడె కథ కట్టిందట. ఆయన ఆరోగ్యవరంలో ఉన్నన్నాళ్లూ మద్రాసులో పనికి పోయినాడని ఊళ్లో చెప్పినారట.

తాత కంచం, లోటా వేరుగా ఉండేవి, మమ్మల్ని ఒళ్లో కూర్చోనిచ్చేవాడు కాదు. ఆచారం అనుకున్నాం, ఇంకాస్త పెద్దయ్యాక మేమంటే ఇష్టం లేదనుకున్నాం. టీబీ గాలి ద్వారా వస్తుంది గానీ కంచాల వల్ల, లోటాల వల్ల రాదు. అదీగాక ఆయనకు నయమై అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. ఆ మాట ఆయనకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే!

అత్తకు పెళ్లి ముందు రోజు అవ్వ నిజం చెప్పి ఒట్టు వేయించుకుందట.

"అంతవరకూ నేను ఆడపిల్లననే మా నాయన నన్ను ఎత్తుకోలేదనుకున్నా రా," అంది అత్త. కాసేపాగి, "ఆ ఫిల్ము పారెయ్యొద్దు, నాకు తెచ్చియ్యి," అంది.

ఆదివారం తీసుకెళ్తున్నాను. ఇదంతా ఆమెను అడిగే రాశాను.