పథకాన్ని చట్టం పాఠంలోనే చదవాలి: భావజాలం, ప్రజా కార్యక్రమాలపై నా మెయిన్స్ అనుభవం

సివిల్ సర్వీసెస్ పరీక్ష తుది ఫలితాల జాబితాలో నా పేరు వచ్చినప్పటి నుంచి తోటి అభ్యర్థులు చాలామంది ఒకే విషయం అడుగుతున్నారు. పొలిటికల్ సైన్స్ ఆప్షనల్‌లోనూ, జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లోనూ ఎలా చదివావు అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే ఒకచోట వివరంగా రాయడం మేలనిపించింది. ప్రిలిమ్స్ గురించి నేను కొత్తగా చెప్పగలిగేది లేదు. గత ప్రశ్నపత్రాలు, మాదిరి పరీక్షలు, పదే పదే పునశ్చరణ, అందరూ చేసేదే నేనూ చేశాను. నా ఫలితాన్ని మార్చింది మెయిన్స్‌లో ఒక అంశం మీద వచ్చిన స్పష్టత. రాజకీయ భావజాలానికీ, దేశం చేపట్టే పెద్ద ప్రజా కార్యక్రమాలకూ ఉన్న సంబంధాన్ని ఎలా చదవాలి, ఎలా రాయాలి అన్నదే ఆ అంశం.

సిలబస్ మీకు తెలిసిందే. ఆప్షనల్ మొదటి పేపర్ తొలి భాగంలో ఉదారవాదం, సామ్యవాదం, మార్క్సిజం, ఫాసిజం, గాంధేయవాదం, స్త్రీవాదం ఉంటాయి. అదే పేపర్ రెండో భాగంలో ప్రణాళికలు, ప్రభుత్వ రంగం, భూ సంస్కరణలు, సరళీకరణ వస్తాయి. ప్రపంచ చరిత్ర కింద కమ్యూనిజం, పెట్టుబడిదారీ విధానం మళ్లీ పలకరిస్తాయి. సంక్షేమ పథకాలు జనరల్ స్టడీస్ రెండో పేపర్‌లో ఉంటాయి. సిలబస్ ఇలా నాలుగు చోట్ల ఉండటంతో మన నోట్సు కూడా నాలుగు ముక్కలుగానే తయారవుతుంది. వీటన్నిటినీ కలిపి ఆలోచించాల్సిన ప్రశ్న ఎదురైనప్పుడు సంక్షేమం అంటే వామపక్షం, ప్రైవేటీకరణ అంటే మితవాదం అనే సూత్రం ఒకటి చేతికి దొరుకుతుంది. దాన్ని పట్టుకుని రాసిన జవాబు చదవడానికి బాగానే ఉంటుంది గానీ చరిత్ర ముందు నిలవదు.

జర్మనీనే తీసుకోండి. 1878లో సోషలిస్టు సంఘాలనూ సభలనూ నిషేధిస్తూ చట్టం తెచ్చిన బిస్మార్క్ ప్రభుత్వమే 1883లో కార్మికులకు అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య, వైకల్య బీమా ప్రవేశపెట్టింది. కార్మికులు సోషలిస్టుల వైపు పోకుండా నిలుపుకోవాలన్న సంప్రదాయవాద ప్రభుత్వ అవసరమే ఆధునిక సామాజిక బీమాకు పునాది వేసింది. బ్రిటన్‌లో 1942 నాటి సామాజిక భద్రత నివేదికను రాసిన బెవరిడ్జ్ ఉదారవాది. 1948లో జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించింది లేబర్ ప్రభుత్వం. ఆ తర్వాత అధికారంలోకి వచ్చిన కన్సర్వేటివ్‌లు దాన్ని రద్దు చేయలేదు. మన దేశంలో భారీ ప్రభుత్వ పెట్టుబడి అనగానే సోషలిస్టు తరహా సమాజాన్ని లక్ష్యంగా ప్రకటించిన 1955 ఆవడి కాంగ్రెస్ తీర్మానమూ, 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికా రాస్తాం. కానీ అంతకు పదేళ్లకు పైగా ముందే, 1944లో, జె.ఆర్.డి. టాటా, జి.డి. బిర్లా వంటి పారిశ్రామికవేత్తలు సిద్ధం చేసిన బొంబాయి ప్రణాళిక కూడా ఆర్థిక వ్యవస్థలో రాజ్యానికి పెద్ద పాత్ర ఉండాలని కోరింది.

అంతమాత్రాన భావజాలం వట్టి అలంకారమని తేల్చేయడం కూడా సరికాదు. ఏ కార్యక్రమాలు వచ్చాయో చూసినంత శ్రద్ధగా ఏవి రాకుండా ఆగిపోయాయో చూస్తే దాని బలం తెలుస్తుంది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం సహకార సమష్టి వ్యవసాయాన్ని తీర్మానించింది. అదే ఏడాది రాజాజీ, ఎన్.జి. రంగా తదితరులు స్వతంత్ర పార్టీని స్థాపించి, సొంత భూమి మీద రైతు హక్కు పేరుతో ఆ తీర్మానాన్ని ఎదిరించారు. కాంగ్రెస్ లోపల కూడా వ్యతిరేకత ఉండటంతో సమష్టి వ్యవసాయం దేశవ్యాప్త కార్యక్రమంగా రూపుదిద్దుకోలేదు. మన జవాబుల్లో ఈ కోణం దాదాపు కనిపించదు. నా ఉద్దేశంలో మంచి జవాబును వేరు చేసి చూపేది ఇదే.

ఇక అసలు మలుపు గురించి చెబుతాను. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం మీద అందరిలాగే నా దగ్గరా ఒక పేజీ నోట్సు ఉండేది. వంద రోజుల పని, మూడో వంతు మహిళలు, సామాజిక తనిఖీ, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభం. ఒకరోజు ఆ నోట్సును పక్కన పెట్టి 2005 చట్టం పాఠాన్నే మొదటి సెక్షన్ నుంచి షెడ్యూళ్ల దాకా చదివాను. చదువుతున్నకొద్దీ, ఒక్కో నిబంధనలో ఒక్కో భావజాలం తన వాటా తాను తీసుకుందని అర్థమైంది. నా దృష్టిలో భావజాలాలను నిజంగా నేర్చుకున్నది ఆ రోజే.

సెక్షన్ 3 గ్రామీణ కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పనిని హామీగా ఇచ్చింది. దరఖాస్తు చేసిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలని సెక్షన్ 7 చెప్పింది. పనిని పౌరుడి హక్కుగా చూసే సామ్యవాద ఆలోచన ఇక్కడ కనిపిస్తుంది. కానీ ఆ పని కనీస నైపుణ్యం కూడా అక్కర్లేని శారీరక శ్రమ. అవసరం ఉన్నవారు తమంతట తామే ముందుకు వస్తారు, లేనివారు రారు, కాబట్టి అధికారి కూర్చుని పేదల జాబితా తయారు చేయనక్కర్లేదు. ఈ లెక్క మార్కెట్ ఆర్థికవేత్తలకూ నచ్చేదే. సెక్షన్ 13 ప్రణాళికకూ అమలుకూ పంచాయతీలను ప్రధాన వ్యవస్థలుగా నిలిపింది. సెక్షన్ 17 తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభ చేతిలో పెట్టింది. ఇందులో గాంధేయవాదపు జాడ స్పష్టం. కాంట్రాక్టర్లను నిషేధించడం, మహిళలకు కనీసం మూడో వంతు ప్రాధాన్యం ఇవ్వడం వెనక కార్మిక ఉద్యమాల, మహిళా ఉద్యమాల ఒత్తిడి ఉంది.

అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది సెక్షన్ 22. దాని ప్రకారం నైపుణ్యం లేని పనికి కూలి మొత్తం కేంద్రం భరించాల్సి ఉండేది, నిరుద్యోగ భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానా నుంచి చెల్లించాల్సి ఉండేది. అంటే పని చూపితే ఖర్చు ఎక్కువగా ఢిల్లీది, చూపకపోతే రాష్ట్రానిది. రాష్ట్ర ప్రభుత్వం పని చూపించే వైపే మొగ్గేలా డబ్బు లెక్కను అమర్చారు. హక్కు అనే మాట ఎంత గట్టిగా పలికినా, దాని వెనక ఇలాంటి అమరిక లేకపోతే అది కాగితం మీదే మిగులుతుంది. సంస్థాగత నిర్మాణం, సమాఖ్య ఆర్థిక సంబంధాలు, సంక్షేమ హక్కులు అని మనం వేర్వేరు శీర్షికల కింద చదివే మూడు విషయాలు ఒక్క సెక్షన్‌లో కలిసి ఉన్నాయి.

ఆ తర్వాత చట్టం పుట్టుకను వెతుక్కుంటూ వెళ్లాను. 1972 కరువులో మహారాష్ట్ర మొదలుపెట్టిన ఉపాధి హామీ పథకం దీని పూర్వరూపం. అక్కడ దానికి 1977లో చట్టం చేశారు. నిధుల కోసం వృత్తి పన్ను విధించారు, అంటే పట్టణాల్లోని ఉద్యోగి సంపాదన నుంచి పల్లెకు కూలి చేరింది. కేంద్రంలో 2004లో యూపీఏ ప్రభుత్వం వామపక్షాల బయటి మద్దతుతో ఏర్పడినప్పుడు, కనీస ఉమ్మడి కార్యక్రమంలో ఉపాధి హామీ చేరింది. మొదట ప్రవేశపెట్టిన బిల్లు పేద కుటుంబాలకే పరిమితమైంది. ఆ పరిమితిని తొలగించాలని సిఫారసు చేసిన పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షుడు బీజేపీ నాయకుడు కల్యాణ్ సింగ్. చివరికి హామీ గ్రామీణ కుటుంబాలన్నిటికీ వర్తించింది. వామపక్ష పథకం అనే ఒక్క ముద్రతో ఈ చరిత్రను ముగించడం అన్యాయం. కరువు, సంకీర్ణం, ఉద్యమాలు, స్థాయీ సంఘంలో జరిగిన చర్చ, రాష్ట్రంలో అప్పటికే నడిచిన అనుభవం, ఇవన్నీ కలిసి చట్టాన్ని చేశాయి.

అప్పటి నుంచి ప్రతి పథకాన్నీ నాలుగు ప్రశ్నలతో చదివాను. ఎవరికి ఇస్తున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు? అది హక్కా, ప్రభుత్వం దయతలచి ఇచ్చేదా? ఎవరి చేతుల మీదుగా అందుతుంది? అందకపోతే ఎవరిని అడగాలి? ఆహార భద్రత మీద ఈ ప్రశ్నలు పెట్టి చూడండి. 1983లో అధికారంలోకి వచ్చిన ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. 1997 జూన్‌లో ప్రజా పంపిణీని పేదలకు, పేదలు కానివారికి వేర్వేరుగా విభజిస్తూ లక్షిత విధానం వచ్చింది. సరళీకరణ కాలపు పొదుపు ఆలోచన అది. దాన్ని అమలు చేసినప్పుడు కేంద్రంలో ఉన్నది సీపీఐ మంత్రులున్న యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం. పేదల్లోకెల్లా పేదల కోసం అంత్యోదయ అన్న యోజనను 2000 డిసెంబరులో తెచ్చింది వాజ్‌పేయి ప్రభుత్వం. తమిళనాడు ఈ విభజనను అంగీకరించకుండా అందరికీ రేషన్ కొనసాగించింది. ద్రావిడ పార్టీల్లో ఏది అధికారంలో ఉన్నా ఆ విషయంలో తేడా రాలేదు. 2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఆహార హక్కు కేసు, 2012 చివర్లో బీజేపీ పాలనలోని ఛత్తీస్‌గఢ్ చేసిన ఆహార భద్రత చట్టం దాటుకుని 2013 నాటి జాతీయ చట్టానికి వచ్చేసరికి, గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు తలకు నెలకు అయిదు కిలోల ధాన్యం చట్టబద్ధమైన హక్కయింది. పార్టీ పేరు చూసి ఈ వరుసను ఊహించడం ఎవరి తరమూ కాదు. నాలుగు ప్రశ్నలకు వచ్చిన జవాబులు మాత్రం ప్రతి మలుపులోనూ ఆలోచన ఎటు మారిందో చూపిస్తాయి.

ఆరోగ్యం, బ్యాంకింగ్ కూడా ఇలాగే చదివాను గానీ ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. 2007 నాటి ఆరోగ్యశ్రీలోనూ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్‌లోనూ ఖర్చు ప్రభుత్వానిది, చికిత్స చాలావరకు ప్రైవేటు ఆసుపత్రిది. ప్రభుత్వమే నేరుగా చికిత్స అందించే బ్రిటన్ నమూనాతో పోల్చి రాయడానికి, ఎవరి చేతుల మీదుగా అన్న మూడో ప్రశ్న ఒక్కటే చాలు. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణను సోషలిస్టు నిర్ణయంగా రాసి వదిలేయకండి. 2014లో జన్‌ధన్ ఖాతాలు ఎక్కువ భాగం తెరిచింది ప్రభుత్వ రంగ బ్యాంకులేనని చేర్చండి. ఒక కాలపు భావజాలం కట్టిన సంస్థ మరో కాలపు కార్యక్రమానికి దారి అవుతుంది.

చట్టాల పాఠాలు చదువుతూ కూర్చుంటే సిలబస్ పూర్తికాదని నాతో చదివినవారు చాలాసార్లు హెచ్చరించారు. వారి ఆందోళన నాకు అర్థమైంది, అయినా నేను మానలేదు. ఉపాధి హామీ చట్టం మొత్తం కొద్ది గంటల్లో చదివేయవచ్చు. దాని మీద వచ్చిన నోట్సులూ వీడియోలూ అన్నీ చూడాలంటే వారాలు పడుతుంది. మూలం చదివినవారికి జవాబులో సెక్షన్ గుర్తుంటుంది, సెక్షన్ గుర్తున్నవారికి వాదం తనంతట అదే వస్తుంది. టెస్ట్ సిరీస్‌లు నేనూ రాశాను. అయితే దిద్దిన పేపర్ చేతికి రాగానే మార్కులు చూసి పక్కన పెట్టకుండా, అదే ప్రశ్నకు మళ్లీ జవాబు రాసేవాణ్ని. రోజూ ఒక పథకం, ఒక పేజీ, నాలుగు ప్రశ్నలు. మనసు బాగున్న రోజూ రాశాను, బాగోలేని రోజూ రాశాను. ప్రేరణ కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే, పుస్తకం తెరవండి, పేజీ పూర్తి చేయండి. మనం కోరుకుంటున్న ఉద్యోగంలో ఈ పథకాలను అమలు చేయాల్సింది మనమే కనుక, వాటి నిబంధనలను చదవడానికి బద్ధకించే హక్కు మనకు లేదని నా గట్టి నమ్మకం.

ఇంటర్వ్యూలో ఒక సభ్యుడు, పార్టీలన్నీ నగదు పథకాలే ప్రకటిస్తున్న కాలంలో భావజాలానికి ఇంకా చోటుందా అని అడిగారు. రైతులకు నగదు సాయాన్నే ఉదాహరణగా చెప్పాను. 2018 మే నెలలో మొదలైన తెలంగాణ రైతుబంధు ఎకరాల లెక్కన భూ యజమానికి సాయం ఇచ్చింది, కౌలుదారుకు ఇవ్వలేదు. 2019 జనవరి నాటికి ఒడిశా కాలియా పథకం కౌలు రైతులనూ, భూమిలేని వ్యవసాయ కుటుంబాలనూ చేర్చుకుంది. ఫిబ్రవరిలో వచ్చిన పీఎం కిసాన్ మొదట రెండు హెక్టార్ల లోపు వారికి ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చి, కొద్ది నెలల్లో ఆ పరిమితిని ఎత్తేసింది, కానీ భూమి పేరున ఉన్నవారికే ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ రైతు భరోసా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల కౌలు రైతులను కలుపుకుంది. రెండేళ్ల లోపలే నాలుగు ప్రభుత్వాలు, నగదు అనే ఒకే సాధనం, రైతు ఎవరన్న ప్రశ్నకు మాత్రం నాలుగు వేర్వేరు జవాబులు. భావజాలం ఆ జవాబులోనే ఉందని చెప్పాను. మీకు అధికారం ఉంటే ఏది ఎంచుకుంటారని ఆయన వెంటనే అడిగారు. కౌలుదారును చేర్చే నమూనానే ఎంచుకుంటానని, అయితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో యజమాని కౌలు ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వెనకాడతాడు కనుక, పదకొండు నెలల ఒప్పందంతో సాగు హక్కును మాత్రమే గుర్తించి, యాజమాన్యం జోలికి పోని ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం తరహా ఏర్పాటు ముందుగా ఉండాలని జవాబిచ్చాను.